నీడపట్టు పని వద్దు, నా బీట్ నాకు కావాలి

ఈ వారం ఉత్తరం తెలంగాణలో అడవి ఎక్కువగా ఉన్న ఒక జిల్లా నుంచి వచ్చింది. రాసినావిడ ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, వయసు 31. బీట్ అంటే ఒక ఉద్యోగికి కాపలాకు అప్పగించే అడవి ముక్క. కొన్ని బీట్లు కలిస్తే సెక్షన్, కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజ్. ఏడు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను. ఊరు, రేంజ్ పేర్లు తీసేశాను.

ఆమె 2017 నోటిఫికేషన్‌లో ఎంపికయ్యారు. ఆ ఉద్యోగానికి ఆడవాళ్ళు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు నడిచి చూపించాలి. "నేను మూడు గంటల పది నిమిషాల్లో నడిచేశాను, ఇంకా ఓపిక మిగిలింది" అని రాశారు. దూలపల్లి అకాడమీలో ట్రైనింగ్ అయ్యాక మొదటి పోస్టింగ్‌లో రెండేళ్ళు రాత్రి గస్తీలు తిరిగారు. టేకు దుంగలతో పోతున్న ఎడ్లబండిని రెండుసార్లు పట్టుకున్నారు. తర్వాత పాప పుట్టింది. మెటర్నిటీ సెలవు ముగిశాక ఇప్పుడున్న సెక్షన్‌కు వచ్చారు. "పసిబిడ్డ తల్లివి, నీకెందుకమ్మా ఈ తిప్పలు" అని సెక్షన్ ఆఫీసర్ ఆమెను మొక్కల నర్సరీ చూసుకోమన్నారు. అప్పుడది నిజంగానే మేలనిపించింది. పాపకిప్పుడు మూడేళ్ళు దాటాయి. ఆమె ఇంకా నర్సరీలోనే ఉన్నారు. కాగితం మీద ఆమె పేరున ఒక బీట్ ఉంది, తిరిగేది మాత్రం పక్క బీట్ ఆయన, ఇద్దరు వాచర్లు. నెలాఖరుకు డైరీలో తానే తిరిగినట్టు రాసి సంతకం పెడుతున్నారు. తోటివాళ్ళేమో "నీకేంది, నీడపట్టున కూసొని జీతం తీస్కుంటున్నవ్" అంటున్నారు.

మొన్న వానాకాలంలో ఒక పోడు చేలో (అడవి కొట్టి సాగు చేసుకుంటున్న పొలంలో) ప్లాంటేషన్ గుంతలు తీయడానికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజు మాత్రం సెక్షన్ ఆఫీసర్‌కు ఈమె గుర్తొచ్చారు. "అవతల ఆడోళ్ళే ముందుకొస్తరు, నువ్వు ముందు నిలబడు" అన్నారు. గూడెం నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఈమె మణికట్టు పట్టుకుని, "బిడ్డా, నీకు పిల్లల్లేరా? ఈ చేను పోతే నా మనవరాలు ఏం తింటది?" అంది. "నేను ఆమె చేతి వైపే చూస్తూ ఉండిపోయాను. గోళ్ళ నిండా మట్టి. మా అమ్మ చెయ్యి కూడా అలాగే ఉంటుంది." ఆ రోజు గుంతలు తీయకుండానే అందరూ వెనక్కి వచ్చారు. "ఆడవాళ్ళను తీస్కపోతే ఇంతే" అని సెక్షన్ ఆఫీసర్ అందరి ముందూ అన్నారు.

ఇంటికొచ్చాక అన్నం తినలేదు. భర్త సంగతి తెలుసుకుని, 2019లో సార్సాలలో మహిళా రేంజ్ ఆఫీసర్ మీద కర్రలతో జరిగిన దాడి వీడియో తీసి ముందు పెట్టారు. డివిజన్ ఆఫీసుకు డిప్యుటేషన్ వేయించుకో, లేదంటే ఉద్యోగం మానేయ్ అంటున్నారు. రాత్రిపూట మగవాళ్ళతో అడవిలో తిరిగే పని అసలే వద్దంటున్నారు. డిప్యుటేషన్‌కైతే సెక్షన్ ఆఫీసర్ సంతోషంగా సంతకం పెడతారట. చివరి పేజీలో ఆ సెక్షన్ ఆఫీసర్ గురించే ఒక్క వాక్యం: "ఆయన అప్పుడప్పుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి తిన్నావా, పాప పడుకుందా అని అడుగుతారు, అది పెద్ద విషయం కాదులెండి." ఆఖరికి ఆమె అడిగింది ఇది: "ఆఫీసుకు పోనా, అడవికే పోతానని పట్టుబట్టనా, అన్నీ వదిలేసి ఇంట్లో కూర్చోనా?"

ముసలావిడ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ డైరీ గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే దాన్ని మీరు నాలుగు మాటల్లో దాటేశారు.

రేపు ఫ్లయింగ్ స్క్వాడ్ (శాఖ తనిఖీ బృందం) వచ్చి మీ బీట్‌లో చెట్లు నరికేసిన పది టేకు మొద్దులు లెక్కపెట్టిందనుకోండి. మెమో ఎవరి పేరున వస్తుంది? జవాబు ఎవరు చెప్పాలి? ఫలానా తేదీన ఫలానా కంపార్ట్‌మెంట్ (బీట్‌లో ఒక భాగం) తిరిగాను, అంతా బాగానే ఉందని సంతకం పెట్టింది మీరు. ఆ పూట మీరు నర్సరీలో మొక్కల కవర్లు లెక్క పెట్టుకుంటున్నారని చెప్పడానికి మీ చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. "నీకెందుకమ్మా తిప్పలు" అన్న మాట నోటితో అన్నదే కదా. ఆయన మంచివారే కావచ్చు, నేను అనుమానించను. కానీ ఆ మంచితనం వల్ల మీకు అడవి పోయింది, అడవి బాధ్యత మాత్రం మీ దగ్గరే ఉండిపోయింది.

కాబట్టి మిగతా నిర్ణయాలు ఏమైనా, ఈ నెల నుంచి చూడనిది రాయకండి. నర్సరీలో ఉన్న రోజు నర్సరీ అనే రాయండి. సెక్షన్ ఆఫీసర్ అడుగుతారు, కొంచెం కోపం కూడా వస్తుంది. అప్పుడు వినయంగానే చెప్పండి: "సార్, నర్సరీ డ్యూటీకి ఆర్డర్ ఇవ్వండి, లేదంటే బీట్‌కు పంపండి." ఆర్డర్ ఇస్తే బీట్ బాధ్యత ఇంకొకరి పేరున పడుతుంది. ఇవ్వకపోతే మీరు బీట్‌కు వెళ్తారు. ఏది జరిగినా ఇప్పటికన్నా మేలే.

నర్సరీని నేను చిన్నచూపు చూడటం లేదు. 2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా నర్సరీలు వచ్చాయి. ఎక్కడికి వెళ్ళి చూసినా కవర్లలో మట్టి నింపేది, కలుపు తీసేది, నీళ్ళు పట్టేది ఎక్కువగా ఆడకూలీలే. ఆ పనిలో నేర్పు ఉంది. నా పేచీ వేరే. అడవి పనుల్లో మొక్క ఆడవాళ్ళదీ, మాను మగవాళ్ళదీ అన్న పంపకం ఎప్పటి నుంచో ఉంది. యూనిఫాం వేసుకుని వచ్చిన ఆడవాళ్ళను కూడా తీసుకెళ్ళి ఆ పాత పంపకంలోనే కూర్చోబెడుతున్నారు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులోకి 1980లోనే మహిళలు వచ్చారు. మీ తెలంగాణ శాఖకు ఆర్. శోభ అధిపతిగానే పనిచేశారు. పై గదుల తలుపులు తెరుచుకున్నాయి, కింద గస్తీ సిబ్బంది ఉండే బేస్ క్యాంపులో బాత్రూమ్‌కు మాత్రం ఇంకా తలుపు లేదని మీరే రాశారు.

ఇక మీ ముందున్న దారులు. ఉద్యోగం మానేయడం గురించి ఎక్కువ చెప్పను. మానేసిన మరుసటి వారం నుంచి మీ ఇంట్లో లెక్కలు ఎలా మారతాయో మీకు నాకన్నా బాగా తెలుసు. పైగా ఏడు పేజీల్లో మీరు ఒక్కచోట కూడా విసుగొచ్చిందని రాయలేదు.

డిప్యుటేషన్ తీసుకోవడం తప్పేమీ కాదు. మూడేళ్ళ పాప ఉన్నప్పుడు పదిన్నర నుంచి అయిదు వరకు చేసే ఉద్యోగం పెద్ద సుఖమే. సిగ్గుపడాల్సిన పని అసలే లేదు. కానీ ఒకసారి ఆఫీసు కుర్చీకి అలవాటు పడిన మహిళా సిబ్బందిని మళ్ళీ బీట్‌కు పంపాలని ఎవరికీ గుర్తు రాదు, వాళ్ళంతట వాళ్ళు అడిగితే తప్ప. రేపు మీరు సెక్షన్ ఆఫీసర్ అయ్యే రోజు వస్తే, పదేళ్ళు కాలినడకన తిరిగినవాళ్ళ మీద అధికారం చేయాలి. వాళ్ళు చెప్పిన దారి నిజమో కాదో మీకు తెలియదు. అయినా సరే, ఇప్పుడు నాకు ఇదే కావాలి అనుకుంటే తీసుకోండి. అర్జీలోనే "ఒక సంవత్సరం" అని గడువు రాయండి. గడువు రాయకపోతే అది ఇప్పటి నర్సరీలాగే సాగుతూ పోతుంది.

బదిలీ అడగొచ్చు. అక్కడ కూడా ఇంకొక దయగల సెక్షన్ ఆఫీసర్ ఉండొచ్చు, అంతే తేడా.

నాకు ఎక్కువ ఆశ కనిపించేది రేంజ్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టే దారిలో. "నాకు న్యాయం చేయండి" అని రాయకండి. అలాంటి కాగితం మీద ఏం చేయాలో ఎవరికీ తెలియదు కాబట్టి ఫైల్లోకి పోతుంది. మీ బీట్ పేరు రాయండి. నెలకు ఎన్ని రాత్రి గస్తీలు మీ వంతుకు రావాలో రాయండి, ఆ వంతుల పట్టిక నెల మొదట్లోనే రాతలో ఇవ్వమనండి. బేస్ క్యాంపు బాత్రూమ్‌కు తలుపు, నీళ్ళు కావాలని రాయండి. ఏడో నంబరు బూట్లిస్తే ముందు గుడ్డ కుక్కుకుని వేసుకున్నానని మీరు నవ్వుతూ రాశారు గానీ, గుట్ట దిగేటప్పుడు కాలు మెలికపడితే నవ్వడానికేమీ ఉండదు. మీ నంబరు నాలుగని అర్జీలో రాయండి.

ఒక్కరే పెట్టకండి. ఆ రోజు పోడు చేను దగ్గరకు మీతోపాటు పక్క సెక్షన్ అమ్మాయిని కూడా పిలిచారని ఉత్తరంలో ఉంది. రేంజ్ మొత్తంలో ఇంకా ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ గుజరాత్‌లో, నేపాల్‌లో ఊరి అటవీ కమిటీలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. కార్యవర్గంలో ఆడవాళ్ళు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉన్నప్పుడే వాళ్ళు సమావేశాలకు రావడం, నోరు విప్పి మాట్లాడటం బాగా పెరిగిందని ఆమె గమనించారు. ఒకరిద్దరే ఉంటే గోడ పక్కన కూర్చుని వెళ్ళిపోతారు. కమిటీలకు వర్తించింది రేంజ్ ఆఫీసుకు వర్తించకుండా పోదు. ముగ్గురు సంతకాలు పెట్టిన కాగితాన్ని "ఆమె గొడవ" అని పక్కన పెట్టడం కష్టం.

దీని ఫలితం కూడా చెప్పాలి. సెక్షన్ ఆఫీసర్ ముఖం మాడ్చుకోవచ్చు. "నువ్వే అడిగావు కదా" అని మొదటి నెలలోనే వరుసగా నాలుగు రాత్రులు వేయొచ్చు. పట్టిక రాతలో అడగమన్నది అందుకే.

ఇప్పుడు ఆ ఫోన్ సంగతి. మీకు ఏ ఇబ్బందీ లేకపోతే ఉత్తరంలో దానికి చోటు దక్కేది కాదు. అది పెద్దదని నేను అనను, చిన్నదని మీరూ అనకండి. ఈసారి రాత్రి ఎత్తకండి. ఉదయం "సార్, డ్యూటీ విషయమైతే మెసేజ్ పెట్టండి, రాత్రి ఫోన్ ఎత్తడం కుదరదు" అని వాట్సాప్‌లో పెట్టండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. వచ్చిన కాల్స్ తేదీలు, టైములు ఒక పుస్తకంలో రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆగకపోతే, లేదా మాటల తీరు మారితే, పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత వహించేది మహిళే, సభ్యుల్లోనూ కనీసం సగం మంది మహిళలు ఉండాలి. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ఈ విషయాన్ని బీట్ అర్జీలో కలపకండి. "ఆడవాళ్ళను తీస్కపోతే ఇంతే" అన్న మాట రేంజ్ ఆఫీసర్ దగ్గర చెప్పాల్సింది, ఫోన్లు కమిటీ దగ్గర చెప్పాల్సినవి. రెండూ ఒకే కాగితంలో పెడితే, కక్షతో రాశారని చెప్పి రెండింటినీ కొట్టిపారేయడం సులువవుతుంది.

ముసలావిడ దగ్గరికి వస్తాను. మీరు ఆ రోజు మాట్లాడలేకపోవడానికి ఆడమనసే కారణమని మీ సెక్షన్ ఆఫీసర్ తేల్చేశారు, మీరూ సగం నమ్మారు. నాకు మాత్రం ఆమెను అడగాల్సిన ప్రశ్న మీ దగ్గర లేకపోవడమే కారణమనిపించింది. "అవ్వా, ఈ చేనుకు హక్కు దరఖాస్తు పెట్టారా? రసీదు ఉందా?"

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి గిరిజన కుటుంబం సాగులో ఉంటే, నాలుగు హెక్టార్ల దాకా, అంటే దాదాపు పదెకరాల దాకా హక్కు గుర్తించాలి. దరఖాస్తు పరిశీలన పూర్తయ్యేవరకు ఆ భూమి నుంచి ఖాళీ చేయించకూడదు. దరఖాస్తు పెండింగ్‌లో ఉన్న చేలో గుంతలు తీయడమంటే మీ శాఖే చిక్కుల్లో పడటం. ఆ ముక్క ముందుగా రిపోర్టులో రాసే బీట్ ఆఫీసర్ రేంజ్ ఆఫీసర్‌కు మేలు చేసినట్టు. దరఖాస్తే లేదు, లేదా తర్వాత కొట్టిన చేను అంటే దారి వేరు. అప్పుడు కూడా నిలబడి చెప్పడానికి మీ దగ్గర మాట ఉంటుంది.

అదే చట్టంలో ఇంకో సంగతి ఉంది, దీన్ని మీలాంటివాళ్ళు గట్టిగా పట్టుకోవాలి. పెళ్ళైనవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా ఇవ్వాలి. ఊళ్ళో వేసే అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలుండాలి. దరఖాస్తులు చూసే గ్రామసభకు హాజరైనవాళ్ళలో కనీసం మూడో వంతు మహిళలుండాలి. పొలం పరిశీలనకు అటవీ, రెవెన్యూ సిబ్బంది వచ్చి సంతకం పెట్టాలి. మీరు వెళ్ళిన రోజున హద్దులు చూపించేటప్పుడు భర్త ఒక్కడే నిలబడితే, "ఇంటావిడ ఏదయ్యా, పిలు" అనండి. ఆ ఒక్క మాట ఖర్చులేనిది.

ఇంకొకటి గమనించారా? ఆడవాళ్ళ మీద చెయ్యి పడదన్న లెక్కతో మీవాళ్ళు మిమ్మల్ని ముందు పెట్టారు. గూడెంలో మగవాళ్ళు కూడా అదే లెక్క వేసుకుని ఉండొచ్చు. ఆడవాళ్ళు తమంతట తాము రాలేదని కాదు, చేను వాళ్ళది కూడా. మొత్తానికి మగవాళ్ళు రెండు వైపులా నాలుగడుగులు వెనక నిలబడితే, తీయని గుంత దగ్గర మీరూ ఆ అవ్వా ఎదురెదురు పడ్డారు. ఏడాదంతా నర్సరీలో ఉంచి, ఇలాంటి రోజున మాత్రం పిలిస్తే "నన్ను రోజూ పంపండి సార్, అప్పుడు ఈ రోజు కూడా వస్తాను" అనే హక్కు మీకుంది.

ఆ గూడెం ఆడవాళ్ళను మొదటిసారి కలవాల్సింది గుంతల దగ్గర కాదు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున వెళ్ళండి. పూలు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు, ఆ నిప్పే పాకి కంపార్ట్‌మెంట్లు కాలిపోతుంటాయి. ఏరేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ. ఊడ్చి ఏరుకోండి, పాత చీర పరవండి అని కూర్చుని మాట్లాడొచ్చు. తర్వాత తునికాకు కల్లాల దగ్గరికి వెళ్ళండి. 50 ఆకులకో కట్ట చొప్పున కట్టి, సాయంత్రం కల్లంలో పరిచేటప్పుడు లెక్క దగ్గర ఏం జరుగుతోందో చూడండి. ఒక వేసవి అలా తిరిగితే, ఏ చేను ఎవరిది, ఎప్పటిది అన్నది రికార్డు తీయకముందే మీకు తెలిసిపోతుంది. ఒక హెచ్చరిక: ఇది కూడా "ఆడవాళ్ళ పని" అని మీ నెత్తిన పెట్టి గస్తీ ఎగ్గొట్టేయగలరు. గస్తీతో పాటే ఇదీ చేస్తానని చెప్పండి.

మీ వారి భయాన్ని కొట్టిపారేయలేను. సార్సాల వీడియో చూసినవాళ్ళెవరికైనా కడుపులో తిప్పుతుంది. కానీ 2022 నవంబర్‌లో చంద్రుగొండ మండలంలో పోడు గొడవలో ప్రాణం పోగొట్టుకున్న రేంజ్ ఆఫీసర్ మగాయన. అప్పుడు మగవాళ్ళను అడవికి పంపొద్దని ఎవరూ అనలేదు. పోడు గొడవకు వెళ్ళేటప్పుడు తగినంత మంది ఉన్నారా, ముందుగా ఊరిపెద్దలతో మాట్లాడారా, పోలీసులకు చెప్పారా అన్నవి అందరికీ కావాల్సిన జాగ్రత్తలు. వాటి గురించి మీ వారు ఎంత గట్టిగా అడిగినా న్యాయమే. "రాత్రిపూట మగవాళ్ళతో" అన్నదానికి వాదన పెట్టుకోకండి. ఆ ఇద్దరు వాచర్లనూ ఒక ఆదివారం ఇంటికి భోజనానికి పిలవండి. పేరూ ముఖమూ తెలిశాక "మగవాళ్ళు" అన్న మాట మల్లన్న, రాజయ్యలాగా ఇద్దరు మనుషులైపోతుంది. వంతుల పట్టిక ఫ్రిజ్ మీద అంటిస్తే, ఏ రాత్రి పాప దగ్గర ఆయన పడుకోవాలో ఆయనకూ ముందే తెలుస్తుంది. అత్తగారి గురించి మీరు ఒక్క ఫిర్యాదూ రాయలేదు, ఆవిడతో ముందు మాట్లాడండి.

మళ్ళీ బీట్‌లోకి వెళ్ళడానికి ఏ పనితో మొదలుపెట్టాలని అడిగితే, నాలుగేళ్ళకోసారి వచ్చే పులుల గణన మంచి సందు. పగటి పని, ఇంట్లో గొడవ తక్కువ. ప్రతి బీట్‌లో మాంసాహార జంతువుల జాడలు వెతుకుతూ రోజుకు అయిదు కిలోమీటర్ల చొప్పున మూడు రోజులు, తర్వాత ముందే గుర్తుపెట్టిన రెండు కిలోమీటర్ల గీత వెంట మూడు ఉదయాలు నడవాలి. ఎవరు నడిచారో యాప్‌లో దారితో సహా పడుతుంది, కాబట్టి డైరీ గొడవ ఉండదు. అన్నీ కలిపితే 21 కిలోమీటర్లు, ఆరు రోజుల్లో. అందులో పదహారు మీరు ఒక్క పూటలో నడిచారు. బూట్లు మాత్రం అంతకుముందే తెప్పించుకోండి.